సమశీతోష్ణ మండలాల్లో ఆర్కిడ్ల శీతకాల యాజమాన్యం: శరీరధర్మ ఆధారాలు, ఆచరణ

ఆర్కిడ్ కుటుంబంలో సుమారు 28,000 జాతులు ఉన్నట్లు అంచనా. అలంకరణ కోసం పెంచే వాటిలో అధిక భాగం ఉష్ణ, ఉపోష్ణ మండలాల అడవులలో చెట్ల కొమ్మలను ఆశ్రయించి పెరిగే వృక్షోపజీవులు, లేదా వాటి నుంచి రూపొందించిన సంకరాలు. నేడు ఇవి ఇంగ్లండు, నెదర్లాండ్స్ గాజు గృహాలలోనూ, ఉత్తర అమెరికా ఇళ్ళ కిటికీ గట్లపైనా, సిక్కిం కొండలలోని పాలిథీన్ గృహాలలోనూ పెరుగుతున్నాయి. ఈ ప్రాంతాలలో మొక్కలు ఎక్కువగా నష్టపోయే కాలం శీతకాలం. చలి నేరుగా చంపే మొక్కలకంటే, చలిని తప్పించే ప్రయత్నంలో పెంపకందారు చేసే పొరపాట్ల వల్ల చనిపోయే మొక్కలే ఎక్కువగా కనిపిస్తాయి. అధికంగా నీరు పోయడం వీటిలో మొదటిది.

శీతకాలంలో ఆర్కిడ్లకు నీరు తగ్గించాలి, ఎరువు మానాలి, విశ్రాంతి ఇవ్వాలి అనే సలహా అనేక కరపత్రాలలో ఒకే వాక్యంగా కనిపిస్తుంది. డెండ్రోబియం నోబిలే విషయంలో ఇది సరైనదే. పేఫియోపెడిలం విషయంలో అదే సలహా మొక్కను ఎండగడుతుంది. పూకాడ వేస్తున్న ఫెలెనాప్సిస్‌కు అది మొగ్గలు రాలే పరిస్థితిని కల్పిస్తుంది. కాబట్టి శీతకాల సంరక్షణను ఒక పద్ధతుల పట్టికగా కాక, శీతకాలం మొక్క పరిసరాలలో తెచ్చే మార్పులకు ఏ వర్గం ఎలా స్పందిస్తుందనే కోణం నుంచి అర్థం చేసుకోవడం అవసరం.

పందొమ్మిదవ శతాబ్దపు పాఠం

ఉష్ణమండల ఆర్కిడ్లను చల్లని దేశంలో బ్రతికించడం ఎలాగో ఐరోపా నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది. పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఇంగ్లండుకు చేరిన ఆర్కిడ్లు అన్నింటినీ దాదాపు ఒకే విధంగా ఉంచేవారు. అప్పటి ఉష్ణగృహాలలో వేడి అధికం, తేమ అధికం, గాలి కదలిక బహు స్వల్పం. ఉష్ణమండలం అంటే నిరంతరం ఆవిరి నిండిన అడవి అనే ఊహ దీనికి మూలం. వేల అడుగుల ఎత్తున, చల్లని రాత్రుల మధ్య, గాలి వీచే కొమ్మలపై పెరిగిన మొక్కలు కూడా ఆ గదులలోకే వెళ్ళి కుళ్ళిపోయాయి.

చాట్స్‌వర్త్ తోటల అధిపతి జోసెఫ్ పాక్స్‌టన్ ఈ పద్ధతిని మార్చినవారిలో ముఖ్యుడు. వేర్వేరు ప్రాంతాల మొక్కలకు వేర్వేరు ఉష్ణోగ్రతలు గల గృహాలను కేటాయించి, గాలి ప్రసారం కల్పించడం ఆయన అనుసరించిన మార్గం. ఆయన పంపిన జాన్ గిబ్సన్ 1835లో భారతదేశానికి బయలుదేరి, ఖాసీ కొండలలో సేకరించిన ఆర్కిడ్లతో 1837లో తిరిగి వెళ్ళాడు. ఆ మొక్కలు చాట్స్‌వర్త్‌లో నిలదొక్కుకోవడానికి ఈ విభజన తోడ్పడింది.

1850లో ఖాసీ కొండలను సందర్శించిన జోసెఫ్ హుకర్ పరిశీలన ఇంకా విలువైనది. నీలి వాండా, అనగా వాండా సెరూలియా, పొడి గడ్డి కొండలపై పలచగా పెరిగిన ఓక్ చెట్ల మీద, ఎండకూ గాలికీ శీతకాలపు చలికీ ఎదురుగా నిలిచి పెరగడం ఆయన గమనించాడు. ఆ కాలపు ఇంగ్లీషు ఉష్ణగృహాలలో అదే మొక్కకు లభిస్తున్నవి వేడి, తేమ, నీడ. సహజావాసంలోని పరిస్థితికి అది పూర్తి విరుద్ధమని ఆయన స్పష్టంగా రాశాడు. ఆయన క్యూ ఉద్యానవనం కోసం ఏడుగురు మనుషుల మోతల మేర ఈ మొక్కలను సేకరించగా, ఇంగ్లండుకు సజీవంగా చేరినవి కొద్దిమాత్రమే. ఆ విధమైన సేకరణ ఆ జాతి సహజ సంపదను ఎంత తగ్గించి ఉంటుందో ఊహించవచ్చు. మొక్క పుట్టినచోట శీతకాలం ఎలా ఉంటుందో తెలుసుకోనిదే దాని శీతకాల సంరక్షణను నిర్ణయించలేమన్న ఆయన పరిశీలన సారం మాత్రం నేటికీ చెల్లుతుంది.

శీతకాలం అంటే ఏమేమి మారుతుంది

చలి అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు మార్పులు దాగి ఉన్నాయి: కాంతి తగ్గడం, ఉష్ణోగ్రత పడిపోవడం, వేడి చేసిన గదులలో గాలి పొడిబారడం.

డిసెంబరు చివరి వారంలో హైదరాబాదులో పగటి నిడివి సుమారు 11 గంటలు. గాంగ్‌టక్‌లో 10 గంటల 25 నిమిషాలు. లండన్‌లో 7 గంటల 50 నిమిషాలు మాత్రమే. పైగా లండన్‌లో సూర్యుడు దిగువన ఉండి, మేఘాలు ఎక్కువ రోజులు కమ్ముకుని ఉంటాయి. సిక్కిం కొండలలో శీతకాలం పొడిగా, పగలు ప్రకాశవంతంగా ఉంటుంది. రాత్రి ఉష్ణోగ్రత రెండు చోట్లా 8° సె. ఉన్నప్పటికీ మొక్కకు అవి ఒకే శీతకాలం కావు. పగటిపూట తయారైన పిండిపదార్థాల నిల్వలో రెండింటి మధ్య చాలా తేడా ఉంటుంది. గాంగ్‌టక్ పరిసరాలలో సింబిడియంలు శీతకాలంలో నిండుగా పూయడానికీ, అదే రకం ఉత్తర ఐరోపాలో అదనపు కాంతి లేనిదే నీరసించడానికీ ఇదొక ప్రధాన కారణం.

కాంతి లోపాన్ని పూరించడానికి ఎల్.ఇ.డి. దీపాలు వాడుతున్నప్పుడు రోజు మొత్తం కాంతిని లెక్కించాలి. ఆకు మట్టంలో సెకనుకు చదరపు మీటరుకు 100 మైక్రోమోల్‌ల కాంతిని 12 గంటలపాటు అందిస్తే రోజుకు 4.3 మోల్‌లు అవుతుంది. నీడను ఇష్టపడే ఫెలెనాప్సిస్‌కు ఇది కనీస అవసరానికి దగ్గరగా ఉంటుంది. కాట్లేయా, వాండా, సింబిడియంలకు చాలదు. కిటికీకి ఆనుకుని ఉన్న మొక్కను గది మధ్యకు ఒక మీటరు జరిపితే అందే కాంతి సగానికన్నా తగ్గవచ్చు. మానవ నేత్రం ఈ తేడాను సరిగా పట్టుకోలేదు కనుక, తక్కువ ధరలో దొరికే లక్స్ మీటరు విస్తరణ సిబ్బందికి ఎంతో ఉపయోగపడుతుంది.

ఇక గాలి పొడిదనం. బయట 0° సె. వద్ద పూర్తిగా సంతృప్తమైన గాలిలో నీటి ఆవిరి పీడనం 0.61 కిలోపాస్కల్ ఉంటుంది. ఆ గాలినే గదిలోకి తెచ్చి, తేమ చేర్చకుండా 20° సె.కు వేడి చేస్తే, ఆ ఉష్ణోగ్రత వద్ద సంతృప్త పీడనం 2.34 కిలోపాస్కల్ కనుక, సాపేక్ష ఆర్ద్రత 26 శాతానికి పడిపోతుంది. ఆవిరి పీడన లోటు 1.73 కిలోపాస్కల్‌కు చేరుతుంది. ఇది ఆర్కిడ్ మొగ్గ తట్టుకోగల స్థితి కాదు. అదే గదిని 16° సె. వద్ద ఉంచితే ఆర్ద్రత 34 శాతం వరకు ఉంటుంది. అనగా హీటరును నాలుగు డిగ్రీలు తగ్గించడం ఖర్చు లేకుండా తేమను పెంచే మార్గం, ఆ వర్గం మొక్క 16 డిగ్రీలను సహించగలిగినంత వరకు. రోజుకు రెండుసార్లు ఆకులపై నీరు చిలకరించడం వల్ల గదిలో తేమ కొద్ది నిమిషాలకు మించి నిలవదు. గులకరాళ్ళ పళ్ళెంలో నీరు పోసి దానిపై కుండీ ఉంచడం వల్ల కలిగే ప్రయోజనం కూడా స్వల్పమే. మొక్కలను దగ్గరదగ్గరగా చేర్చడం, అవసరమైతే తేమనిచ్చే యంత్రం వాడడం మేలు. 50 నుంచి 60 శాతం ఆర్ద్రత చాలా వర్గాలకు సరిపోతుంది.

నీరు: మొక్కలు చనిపోయే తీరు

పైన చెప్పిన పొడి గాలి ఒక చిక్కును తెచ్చిపెడుతుంది. వేడి గదిలో కుండీలోని బెరడు ముక్కల పై పొర ఒకటి రెండు రోజులలోనే ఎండిపోతుంది. కుండీ మధ్య భాగం మాత్రం వారం దాటినా తడిగానే ఉంటుంది. ఎందుకంటే కాంతి తక్కువై, వేర్ల పరిసరం చల్లబడి, మొక్క నీటిని తీసుకునే వేగం పడిపోయి ఉంటుంది. పెంపకందారు పై పొరను చూసి నీరు పోస్తాడు. లోపల గాలి ఖాళీలు నీటితో నిండి, వేర్లకు ప్రాణవాయువు అందక, అవి కుళ్ళుతాయి. వేర్లు పోయిన మొక్కకు నీరు అందదు. ఆకులు ముడుతలు పడి వాలిపోతాయి. వాలిన ఆకును చూసి మొక్కకు దాహంగా ఉందని భావించి మరింత నీరు పోస్తారు. రెండు మూడు వారాలలో మొక్క పూర్తిగా నశిస్తుంది. శీతకాలంలో విస్తరణ శాస్త్రవేత్త వద్దకు వచ్చే ‘వాడిపోయిన ఆర్కిడ్’ ప్రశ్నకు సమాధానం ఎక్కువసార్లు ఈ క్రమంలోనే ఉంటుంది.

నిర్ధారణకు మొక్కను కుండీ నుంచి బయటకు తీసి వేర్లను చూడడం తప్ప మార్గం లేదు. ఆర్కిడ్ వేరు చుట్టూ వెలమెన్ అనే మృతకణాల మెత్తని పొర ఉంటుంది. అది స్పంజిలా నీటిని క్షణాలలో పీల్చుకుని లోపలి సజీవ కణజాలానికి అందిస్తుంది. ఎండినప్పుడు వెలమెన్ కణాలలో గాలి నిండి వేరు వెండి రంగులో కనిపిస్తుంది. తడిసినప్పుడు పారదర్శకమై లోపలి పచ్చదనం బయటపడుతుంది. ఆరోగ్యవంతమైన వేరు వేళ్ళ మధ్య గట్టిగా తగులుతుంది. కుళ్ళిన వేరును పట్టి లాగితే పై పొర జారిపోయి మధ్యనున్న నాళిక దారంలా మిగులుతుంది. ఎండ వల్ల ముడుచుకున్న మొక్కకూ, కుళ్ళు వల్ల ముడుచుకున్న మొక్కకూ ఆకులు ఒకే విధంగా ఉండవచ్చు. వేర్లు మాత్రం ఒకే విధంగా ఉండవు.

నీరు ఎప్పుడు పోయాలనే నిర్ణయానికి రోజుల లెక్క నమ్మదగినది కాదు. పారదర్శకమైన కుండీ అయితే గోడకు ఆనుకున్న వేర్ల రంగు చూడాలి. మట్టి కుండీ అయితే ఎత్తి చూసి బరువును అంచనా వేయాలి. బెరడు లోపలికి సన్నని పుల్లను దించి, అయిదు నిమిషాల తరువాత తీసి చూస్తే చెమ్మ తెలుస్తుంది. నీరు ఉదయమే పోయాలి. రాత్రి చల్లబడే సమయానికి ఆకుల మధ్య, మొవ్వులో తడి మిగలరాదు. నీరు గది ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండాలి. చల్లని నీరు ఆకుపై పడినచోట కణాలు దెబ్బతిని పసుపు మచ్చలు ఏర్పడతాయి.

ఈ సందర్భంలో మంచుగడ్డల ప్రస్తావన తప్పదు. అమెరికాలో కుండీకి వారానికి మూడు మంచుగడ్డలు వేయమనే సూచనతో ఫెలెనాప్సిస్ మొక్కలను అమ్ముతున్నారు. ఉష్ణమండల మొక్క వేర్లపై మంచు వేయడాన్ని చాలామంది ఎగతాళి చేశారు. అయితే ఒహాయో స్టేట్, జార్జియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, బెరడులో పెరిగిన మొక్కలకు ఈ పద్ధతి వల్ల పూల నిలువలో గానీ, వేర్ల ఆరోగ్యంలో గానీ హాని కలగలేదు. కరిగే గడ్డ బెరడును తాకుతుంది గనుక వేరు ఉష్ణోగ్రత ప్రమాదకర స్థాయికి దిగలేదు. నిజానికి ఆ పద్ధతి విజయం మంచులో లేదు, నీటి పరిమాణం తక్కువగా ఉండటంలో ఉంది. గడ్డ ఆకుకు తగిలేట్టు పెట్టడానికి ఆ ఫలితాలు అనుమతి కావు.

పాత మాధ్యమం మరొక కారణం. రెండు మూడేళ్ళు గడిచిన బెరడు, కొబ్బరి డొక్క ముక్కలు శిథిలమై సన్నని పొడిగా మారి నీటిని పట్టి ఉంచుతాయి. వేసవిలో సమస్య బయటపడదు, శీతకాలంలో వేర్లను చంపుతుంది. అయినా కుండీ మార్పిడిని శీతకాలం నడుమ చేయరాదు. కొత్త వేర్లు మొదలయ్యే వసంతంలోనో, పూలు ముగిసిన వెంటనేనో చేయాలి. వేర్లు ఇప్పటికే కుళ్ళిన మొక్క ఈ నియమానికి మినహాయింపు.

ఫెలెనాప్సిస్: చల్లదనం ఎంత, చలి ఎంత

ప్రపంచ వాణిజ్యంలో కుండీ ఆర్కిడ్‌గా అగ్రస్థానం ఫెలెనాప్సిస్‌దే. ఇది క్యామ్ పద్ధతిలో కిరణజన్య సంయోగక్రియ జరుపుతుంది. పత్రరంధ్రాలు రాత్రివేళ తెరుచుకుని బొగ్గుపులుసు వాయువును ఆమ్ల రూపంలో నిల్వ చేసుకుంటాయి, పగలు మూసుకుంటాయి. అందువల్ల రాత్రి గాలి మరీ పొడిగా ఉంటే ఈ మొక్క పగటికంటే రాత్రే ఎక్కువ నష్టపోతుంది. రాత్రంతా హీటరు నడిచే గదులలో దీనిని గుర్తుంచుకోవాలి.

పత్రాల పెరుగుదలకు 28° సె. చుట్టుపక్కల ఉష్ణోగ్రత అనుకూలం. ఆ వేడిలో పూకాడ రాదు. ఉష్ణోగ్రత 26° సె. కంటే దిగువన కొన్ని వారాలు ఉంటేనే ఆకు మొదట్లోని మొగ్గ పూకాడగా మారుతుంది. నెదర్లాండ్స్ ఉత్పత్తిదారులు వేడి గృహంలో మొక్కను పెంచి, తరువాత 18–20° సె. గల గృహానికి తరలించి, ఏడాది పొడవునా పూలు అందించడం ఈ సూత్రం మీదనే ఆధారపడి ఉంది. గాజు గృహాన్ని 28 డిగ్రీల వద్ద ఉంచడం ఎంత ఖరీదైనదో 2022లో సహజవాయువు ధరలు పెరిగినప్పుడు అక్కడి రైతులకు తెలిసివచ్చింది. ఇంటి పెంపకందారుకు శరదృతువులో రాత్రి గది సహజంగా చల్లబడటమే ఉచితంగా దొరికే పూల సంకేతం.

అయితే చల్లదనం మంచిదన్నంత మాత్రాన చలి మంచిది కాదు. 10–12° సె. దిగువన ఫెలెనాప్సిస్ ఆకులోని కణజాలం దెబ్బతింటుంది. ఉష్ణోగ్రత ఎంత తక్కువైతే హానికి అంత తక్కువ సమయం చాలు. లేత ఆకులు ముందుగా గురవుతాయి. హాని వెంటనే కనిపించకపోవడం ఇక్కడి చిక్కు. ఆకు లోపలి కణాలు కూలిపోయి, పై పొర నొక్కుకుపోయిన గుంటలుగా, తొలుత పసుపుగా, పిదప గోధుమ లేదా నలుపు రంగు మచ్చలుగా బయటపడటానికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. అప్పటికి చలి రాత్రిని పెంపకందారు మరచిపోయి ఉంటాడు. మచ్చలను శిలీంధ్ర తెగులుగా భావించి మందులు చల్లుతాడు. మచ్చలు విస్తరించకుండా, గుంటలుగా, ఒకే వయసు ఆకులపై ఉంటే ముందుగా ఉష్ణోగ్రతల రికార్డును అడగాలి. కనిష్ఠాన్ని నమోదు చేసే ఉష్ణమాపకం మొక్క పక్కనే ఉంచడం వల్ల ఈ వివాదం చాలావరకు తీరుతుంది. మంచు రాత్రులలో గాజుకు తగిలిన ఆకు గది గాలికంటే చాలా చల్లగా ఉంటుంది. తెర మూసినప్పుడు మొక్క గాజుకూ తెరకూ మధ్య చిక్కుకోవడం అత్యంత సాధారణమైన ప్రమాదం.

విశ్రాంతి కోరేవి, కోరనివి

మిథ్యాకందాలు గల ఆర్కిడ్లు నీటినీ ఆహారాన్నీ అందులో దాచుకుంటాయి. వాటిలో కొన్నింటికి పొడి కాలం సహజ జీవితచక్రంలో భాగం. సిక్కిం రాష్ట్ర పుష్పమైన డెండ్రోబియం నోబిలే వీటికి మంచి ఉదాహరణ. హిమాలయ పాద ప్రాంతాలలో వర్షాకాలంలో దీని కాండం పెరిగి, వానలు ముగిసేసరికి ముదిరి, పొడి చలికాలం గడిపి వసంతంలో పూస్తుంది. 10 నుంచి 15° సె. మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు లభిస్తే కణుపులలోని మొగ్గలు పూలుగా మారతాయి. చల్లదనం చాలనప్పుడు అదే కణుపుల నుంచి పూలకు బదులు పిల్లమొక్కలు వస్తాయి. ఆలస్యంగా నత్రజని ఇవ్వడం వల్లనే పిల్లమొక్కలు వస్తాయని పెంపకందారులు గట్టిగా చెబుతారు. వేసవి చివరినుంచి నత్రజని ఆపడం మంచి పద్ధతే గానీ, కారణాలలో చల్లదనం లోపించడమే పెద్దదిగా భావించాలి. వెచ్చని గదిలో నీరు ఆపినంత మాత్రాన నోబిలే పూయదు. కాండం ముడుచుకుపోవడమొక్కటే మిగులుతుంది. విశ్రాంతి కాలంలో కాండం కొద్దిగా ముడుతలు పడటం సహజం. గవ్వలా నొక్కుకుపోతే మాత్రం ఒకసారి పలుచగా తడపాలి.

ప్లియోనీ హిమాలయ ప్రాంతపు చిన్న ఆర్కిడ్. ఆకులు రాల్చి, నీరు లేకుండా, గడ్డకట్టని చలిలో దుంపగా కాలం గడుపుతుంది. శీతకాలంలో నీరు పోస్తే నశిస్తుంది. ఆకులు రాల్చే కాలాంథీలు, కాటాసీటంలు కూడా కొత్త మొలకకు వేర్లు వచ్చేవరకు నీరు కోరవు, కానీ వాటికి ప్లియోనీకి పనికివచ్చే చలి పనికిరాదు.

ఫలాయినాప్సిస్ ఆకారపు పూలు పూసే సతతహరిత డెండ్రోబియం సంకరాలను నోబిలేతో కలిపి చూడడం తరచుగా జరిగే పొరపాటు. రెండింటికీ పేరు ఒకటే. మొదటి వర్గం వెచ్చని లోతట్టు ప్రాంతాలది. 15° సె. దిగువన ఆకులు రాల్చుకుంటుంది, పొడి విశ్రాంతి దానికి మేలు చేయదు. పేఫియోపెడిలంకు మిథ్యాకందాలు లేవు, నిల్వ లేదు గనుక పూర్తిగా ఎండనీయకూడదు. వాటిలోనూ పచ్చని ఆకుల రకాలు రాత్రి 10–13° సె. వద్ద బాగుంటాయి, మచ్చల ఆకుల రకాలకు 16–18° సె. కావాలి. కాట్లేయాలకు రాత్రి 13–16° సె. అనుకూలం.

సింబిడియం, కొండ ప్రాంతపు పాలిథీన్ గృహం

పెద్ద పూల సింబిడియంలలో పూకాడ నిర్ణయం శీతకాలంలో జరగదు. వేసవి చివర, శరదృతువులో వెచ్చని పగళ్ళ తరువాత చల్లని రాత్రులు వచ్చినప్పుడు జరుగుతుంది. శీతకాలపు పని వచ్చిన కాడను కాపాడటమే. రాత్రి 10–13° సె. ఉంటే మొగ్గలు సక్రమంగా ఎదుగుతాయి. వయసు వచ్చిన మొక్క కొద్ది గంటలపాటు 3–4° సె. సహించగలదు గానీ, మొగ్గలు అంత సహించవు. రాత్రులు 20° సె. వద్ద ఉండే వెచ్చని గదిలోకి తెస్తే మొగ్గలు పసుపుబారి రాలతాయి. చలి నుంచి కాపాడాలని ఇంట్లోకి తెచ్చిన సింబిడియం మొగ్గలు రాల్చుకోవడానికి కారణం ఇదే.

సిక్కింలో భారత వ్యవసాయ పరిశోధన మండలి 1996లో పాక్యాంగ్ వద్ద ఆర్కిడ్ల జాతీయ పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ కొండలలో రైతులు సింబిడియంను ప్రధానంగా పాలిథీన్ కప్పు, నీడ వల గల తక్కువ ఖర్చు గృహాలలో పెంచుతారు. ఈ గృహాల గురించి ఒక భౌతిక విషయం గమనించదగినది. సాధారణ పాలిథీన్ దీర్ఘతరంగ ఉష్ణ వికిరణాన్ని చాలావరకు బయటకు వదిలేస్తుంది. మేఘాలు లేని, గాలి కదలని రాత్రి వేడి చేయని పాలిథీన్ గృహం లోపలి ఉష్ణోగ్రత బయటికంటే కొద్దిగా తక్కువకు దిగడం కూడా జరుగుతుంది. కప్పు ఉంది గనుక భద్రమని అనుకోరాదు. సాయంత్రం మొక్కలపై రెండవ పొరగా నూలు లేదా నేయని వస్త్రపు తెర దింపడం, పగటి వేడిని దాచుకునే నీటి పీపాలను లోపల ఉంచడం ఉపయోగకరం.

తెల్లవారుజామున పాలిథీన్ లోపలి వైపు పేరుకున్న నీటి బిందువులు పూలపై రాలతాయి. తడిసిన రేకులపై బోట్రైటిస్ శిలీంధ్రం సూదిమొన అంతటి గోధుమ మచ్చలను కలిగిస్తుంది. మొక్కకు పెద్ద హాని ఉండదు, కానీ కోత పువ్వు ధర పూర్తిగా పడిపోతుంది. ఇక్కడ మందుకంటే గాలి ముఖ్యం. కప్పుకు తగినంత వాలు ఇచ్చి నీరు పక్కలకు జారేలా చేయడం, ఉదయం ఎండ రాగానే పక్క తెరలు కొద్దిగా ఎత్తడం, వాడిన పూలను తీసి దూరంగా పారవేయడం చేస్తే తెగులు చాలావరకు అదుపులో ఉంటుంది. చలికి భయపడి గృహాన్ని రోజంతా బిగించి ఉంచేవారి వద్దనే ఇది ఎక్కువ.

పొగగొట్టం లేని బొగ్గు కుంపటి, గ్యాస్ హీటరు వాడకం మరొక ప్రమాదం. అసంపూర్ణ దహనంలో వెలువడే ఇథిలీన్ అతి స్వల్ప గాఢతలోనే మొగ్గలను రాల్చి, కాట్లేయా రక్షకపత్రాల కొనలను ఎండిస్తుంది. మూసిన గృహంలో అది మనుషులకు కూడా ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్‌తో కలిసి వస్తుందని రైతుకు స్పష్టంగా చెప్పాలి. ఇళ్ళలో పండిన యాపిల్, అరటి పండ్ల బుట్ట పక్కన పూల కుండీ ఉంచినా ఇథిలీన్ ప్రభావం కనబడుతుంది.

పురుగులు, ఎరువులు

వేడిగా, పొడిగా ఉన్న గదులలో ఎర్రనల్లి, పిండినల్లి, పొలుసు పురుగులు శీతకాలంలోనే పెరుగుతాయి. ఆకు అడుగు భాగం, కణుపుల తొడుగుల లోపల వారానికొకసారి చూడాలి. కొద్దిగా ఉన్నప్పుడు తడి గుడ్డతో తుడవడం చాలు. బాక్టీరియా మచ్చ కనిపించిన ఆకును ఆరోగ్యవంతమైన భాగంలోనికి కొంత మేర కోసి తీసివేసి, కత్తిని ప్రతి కోతకూ శుద్ధి చేయాలి. రాగి మందులను డెండ్రోబియంలపై చల్లరాదు, వాటికి హాని చేస్తాయి.

ఎరువు విషయంలో సూత్రం సరళమైనది: పెరుగుదల ఉన్నచోట ఎరువు, కాంతిని బట్టి మోతాదు. మంచి కాంతిలో, 20° సె. వద్ద కాడ వేస్తున్న ఫెలెనాప్సిస్‌కు పలుచని ద్రావణం కొనసాగించవచ్చు. మసక కిటికీలో కదలిక లేని మొక్కకు ఇచ్చిన ఎరువు లవణాలుగా పేరుకుని వేరు కొనలను మాడుస్తుంది. నెలకొకసారి ఉత్త నీటితో మాధ్యమాన్ని కడగాలి.

తెలుగు ప్రాంతాలకు ఏమి వర్తిస్తుంది

చెట్టుపై పెరిగే మొక్క ఏదైనా తెలుగులో బదనికగానే వ్యవహారం. పరాన్నజీవికీ వృక్షోపజీవికీ ఆ మాట తేడా చూపదు. శీతకాల సిఫారసులలోనూ అటువంటి కలగాపులగమే జరుగుతోంది. కోస్తా జిల్లాలలో నీడ వలల కింద కోత పూల కోసం పెంచే డెండ్రోబియంలు సతతహరిత వర్గానివి. సమశీతోష్ణ దేశాల పుస్తకాలలో నోబిలేకు చెప్పిన పొడి విశ్రాంతిని వీటికి వర్తింపజేస్తే డిసెంబరు, జనవరి నెలల దిగుబడిని చేతులారా పోగొట్టుకున్నట్లే. కోస్తాలో ఆ నెలల రాత్రులు వీటికి ప్రమాదకరమైనంత చల్లబడవు. నీటి తడుల మధ్య వ్యవధిని కొద్దిగా పెంచి, ఎరువు కొనసాగించడమే తగిన పని. తెలంగాణ ఉత్తర జిల్లాలలో రాత్రులు 10° సె. దిగువకు వచ్చే రోజులలో మాత్రం నీడ వల చాలదు, పక్క తెరలు అవసరం.

నోబిలే వర్గం కోనసీమలో ఆకులతో ఏపుగా పెరిగినా, సరిపడా చల్లని వారాలు లేక పూయకపోవడం ఊహించదగినదే. అరకు, చింతపల్లి, లంబసింగి ప్రాంతాలలో శీతకాలపు రాత్రులు ఒక అంకె ఉష్ణోగ్రతలకు దిగుతాయి గనుక అక్కడ నోబిలేను పరీక్షించడం సమంజసం. సింబిడియం విషయం వేరు. దాని పూకాడకు కావలసింది డిసెంబరు చలి కాదు, వర్షాకాలం చివరి నెలల చల్లని రాత్రులు. లంబసింగి మంచు తెరల చిత్రాలు చూసి అక్కడ సింబిడియం పూస్తుందని నిర్ణయించరాదు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతలను నమోదు చేసి, కొద్దిపాటి మొక్కలతో రెండు రుతువులు గమనించిన తరువాతే గిరిజన రైతుకు రాయితీతో కూడిన పథకంగా సిఫారసు చేయాలి. మొలక నుంచి పూత వరకు మూడు నాలుగేళ్ళు పట్టే పంటలో తప్పు సిఫారసు బయటపడేసరికి రైతు పెట్టుబడి తిరిగిరాని స్థితికి చేరుతుంది.

విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి ఉద్యాన శాస్త్రవేత్తలకు వచ్చే సందేహాలలో ఎక్కువ భాగం ఫెలెనాప్సిస్ గురించినవే. వారిని ముందుగా అడగవలసిన ప్రశ్నలు మూడు: రాత్రి మొక్క పక్కన కనిష్ఠ ఉష్ణోగ్రత ఎంత, కిటికీ ఏ దిక్కున ఉంది, కుండీ అడుగున నీరు నిలిచే అలంకరణ పాత్ర ఉందా. మూడవ ప్రశ్నకు చాలాసార్లు అవునని జవాబు వస్తుంది. దుకాణంలో కట్టిన మెరుపు కాగితాన్ని విప్పి, పాత్రలోని నీటిని పారబోయడంతో చికిత్స మొదలుపెట్టవచ్చు.